ఉద్యోగి ధర్మము: ధాత కరువును, జర్మనీ కచ్చేరీలును

ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, దత్తమండలములందు వాన మొగము చాటువేసెను. పెన్నయు, చిత్రావతియు, హగరియు ఇసుకమేటలుగ మిగిలినవి. కొఱ్ఱ లేదు, జొన్న లేదు, పసులకు చొప్పయైనను లేదు. అప్పటికి అనంతపురము ప్రత్యేకమగు జిల్లా కాదు. బళ్ళారి జిల్లాలో నొక భాగము. 1882లో గాని అది విడివడలేదు. మరుసటి యీశ్వర సంవత్సరమునను ఆ క్షామము చాలకాలము తీరలేదు. మనవారు దానికి ధాత కరువని పేరుపెట్టి తరతరములుగ చెప్పుకొనిరి. 1871నాటి జనాభాలెక్కలో ఏడులక్షలకు మించియుండిన యీ ప్రాంతపు జనము 1881నాటి లెక్కకు ఆరులక్షలకు దిగెను. పదియేండ్లలో పెరుగవలసిన ప్రజ యించుమించు అయిదింట నొకవంతు తగ్గెను. వారిలో చచ్చినవారెందరో, ఊరు విడిచి దేశాంతరము పట్టినవారెందరో వేఱుపఱచి చెప్పుట కష్టము. పాడుపడిన యిండ్లకు మాత్రము ఆ భేదము లేదు.

ఇట్టి విపత్తునకు దైవమును దూఱుట లోకసహజము. వాన తప్పుట దైవకృతమే యగుగాక. కాని 1871 నాటికే మదరాసునుండి రాయచూరు వఱకు రైలుమార్గము పూర్తియైనది. తాడిపత్రి, గుత్తి స్టేషనుల మీదుగనే ఆ మార్గము పోవుచుండెను. ధాన్యపు బస్తాలు రైలుమీద వచ్చుచునే యుండెను. వచ్చిన గింజలను కొనుటకు కూలివాని చేత కాసు లేదు. కాసు సంపాదించుటకు పొలమున పని లేదు. కావున వానికి ప్రాణాధారము సర్కారువారి కరువుపనియు, సర్కారువారి గంజితొట్టియు మాత్రమే. పని దొరకునా, దొరికిన కూలి యెంత, పోయుగంజి యెంత యను ప్రశ్నలకు సమాధానము ఆకాశమునందు లేదు, కచ్చేరీలోని కాగితమునందున్నది. ఆ కాగితమును వ్రాసిన ఉద్యోగిని గూర్చియే మా యీ విచారణ.

ఆ కాగితముపైనున్న ముఖ్యమగు చేవ్రాలు సర్ రిచర్డు టెంపులు దొరది. ఈయన సివిలు సర్వీసులో దక్షుడని పేరుపొందినవాడు. 1874లో బీహారున కరువు వచ్చినప్పుడు బంగాళమునకు లెఫ్టినెంటు గవర్నరుగ నుండెను. అప్పుడు ప్రభుత్వము నాలుగులక్షల టన్నులకు పైబడిన బియ్యమును బర్మానుండి తెప్పించి పంచిపెట్టెను. ఆ కరువున చచ్చినవారు మిక్కిలి స్వల్పము. ఇందులకు టెంపులు దొరకు దక్కినది మెప్పు కాదు. సర్కారు సొమ్మును దుబారా చేసెనను అపవాదు. మూడేండ్లు గడచెను. 1877 జనవరి 1వ తేదీన లిట్టను ప్రభువు ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియారాణిని హిందూదేశ చక్రవర్తినిగ చాటించెను. ఆ నెలలోనే టెంపులు దొర కరువును విచారించుటకై మదరాసు రాజధానికి పంపబడెను. మదరాసు ప్రభుత్వము స్వయముగ ధాన్యము కొనుటకు పూనుకొన్నందులకే ఇండియాప్రభుత్వమువారు అంతకుముందు ఆక్షేపించియుండిరి. వారి కోరిక స్పష్టము: ఖర్చు తగ్గవలెను. బీహారులో తాను చేసిన పనినే తప్పుగ నెంచినవారిచేత మెప్పు పొందుటకు ఆయనకు మదరాసులో నవకాశము దొరికెను.

ఆయన బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలలో వడివడిగ తిరిగి, కరువుపనులలో నున్నవారిలో పలువురు అక్కఱలేకయే వచ్చినవారని నిశ్చయించెను. పట్టికలనుండి పేర్లు లక్షలకొలది కొట్టివేయబడెను. ఒడలిలో శక్తిగలవారికి ఇంటికి పది మైళ్ళలోపల పని యీయరాదని యొక నిబంధన యేర్పడెను. నిజముగ ఆకలిగలవాడైనచో అంతదూరము నడచి పోవునని దాని తాత్పర్యము. ఆకలి ముదిరినవాడు పది మైళ్ళు నడువలేడను సంగతి ఆ నిబంధన వ్రాసినవారికి తోచలేదు. తోచినను కాగితము మీదికి రాలేదు. ఇక కూలి సంగతి. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము వెల, దానిపై కొద్దిపాటి పైకము. ఆడవారికిని, పనిచేయు పిల్లలకును ఇంకను తక్కువ. ఒక పౌను అనగా నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. ప్రొద్దుపొడుపునుండి సందెవఱకు కంకర కొట్టి, మట్టితట్ట మోసినవానికి లభించు గ్రాసమిది. బొంబాయి రాజధానిలో ఈ కూలిని నిరాకరించి జనులు గుంపులుగ పనులు విడిచి వెడలిపోయిరి. పుణ్యపురమందలి సార్వజనికసభ వారి పక్షమున సర్కారుతో వాదించెను.

టెంపులు దొర క్రూరుడని మేము చెప్పబోము. ప్రాణములు నిలువవలె ననియే ఆయనయు వ్రాసెను; అయితే అది సాధ్యమైనంత తక్కువ ఖర్చుతో జరుగవలెనని వ్రాసెను. ఈ రెండింటిలో నేది ముందో, ఏది వెనుకయో ఆ తక్కెడలోని పౌనుగింజలే తేల్చినవి.

దీని కెదురుచెప్పిన ఉద్యోగియు నుండెను. మదరాసు రాజధానికి ఆరోగ్యశాఖాధికారిగ నుండిన డాక్టరు కార్నిషు ఈ కూలి చాలదని నిర్భయముగ వ్రాసెను. ఆయన వాదము దయమీద నాధారపడినది కాదు, కొలతమీద నాధారపడినది. పనిచేయువాని దేహమునకు ఎంత ధాన్యము కావలెను, పప్పుదినుసులును కూరలును లేనిచో ఆ దేహమేమగును, శిబిరములలో నెలకెందరు చచ్చుచున్నారు, ఏ రోగమున చచ్చుచున్నారు అని లెక్కలు కూర్చి ప్రభుత్వము నెదుట పెట్టెను. రక్తవిరేచనములని పట్టికలో వ్రాసిన మరణములనేకము ఆకలిచావులే యని చాటెను. దొరలిద్దఱ నడుమ కాగితయుద్ధము నెలలతరబడి సాగెను. 1877లో మదరాసు ప్రభుత్వము కార్నిషు వాదమును కొంతవఱకు మన్నించి, మగవానికి ధాన్యమును 570 గ్రాములకు పెంచి, కొంచెము పప్పును చేర్చెను. ఆ కొన్ని నెలలలో కృశించిన దేహములకు ఆ పెంపు ఆలస్యముగ నందిన సాయము.

ఈ క్షామము దక్షిణాపథమంతయు, మైసూరును, బొంబాయి రాజధానిలోని పలుజిల్లాలను పట్టి పీడించెను. మొత్తము చచ్చినవారు ఏబదిలక్షలకు తక్కువ కారని యెల్లరు నంగీకరింతురు. అంతకు మిక్కిలిగ లెక్కించిన పండితులును గలరు. టెంపులు దొర ఆ సంవత్సరముననే బొంబాయి గవర్నరు పదవి నలంకరించెను. 1880లో క్షామవిచారణ సంఘము నివేదిక నొసగెను. దాని ఫలముగ కరువునాటి నిబంధనావళులు పుట్టినవి. ఎవరును శిక్షింపబడలేదు, పదవినుండి తొలగింపబడలేదు. తొలగింపబడుటకు వారు నిబంధనను మీఱినవారు కారు గదా, నిబంధనను పాటించినవారు.

ఈ సందర్భమున క్రిందియుద్యోగులను మఱవరాదు. తహశీలుదారులు, కరణములు, గ్రామమునసబులు, కరువుపని మేస్త్రీలు మనవారే. పేర్లు వ్రాసినవారును వారే, పైనుండి యుత్తరువు రాగా కొట్టివేసినవారును వారే. వారిలో తమ గాదెలోని గింజలు పంచిపెట్టిన పుణ్యాత్ములుందురు. కొలపాత్రలో చేయి వాటముగ నడిపినవారును ఉందురు. ఎక్కువమంది మాత్రము ఈ రెండింటికిని చెందక, వచ్చిన కాగితము ననుసరించి వచ్చినట్లు వ్రాసినవారే యనుట లోకానుభవమునకు దూరము కాదు. వారికి ద్వేషము లేదు. వారి యెదుటనున్నది పేరు మాత్రమే. ఆ పేరుగల మనిషి పది మైళ్ళ దూరమునందున్నాడు.

ఈ విషయమును గుఱుతుంచుకొని పాఠకులు మాతో జర్మనీకి రావలెను. ధాత కరువు తరువాత అఱువదియైదేండ్లకు ఆ దేశమున కచ్చేరీలు చేసిన పని యెట్టిదో చూచినచో, మన సీమకథలోని మర్మము మఱింత స్పష్టపడును.

హిట్లరు అధికారమునకు వచ్చిన 1933లోనే, ఏప్రిలు 7వ తేదీన, ప్రభుత్వోద్యోగముల పునరుద్ధరణమను నందమైన పేరుతో నొక శాసనము వెలువడెను. దానిచే యూదులగు ఉద్యోగులు తొలగింపబడిరి. వారి ప్రక్కబల్లల నాసీనులైనవారు మాఱుపలుకక పని సాగించిరి. 1935లో న్యూరెంబర్గు శాసనములు వచ్చెను. యూదుడెవడు, సగము యూదుడెవడు, తాతలలో నెందరు యూదులైన నేమగును అను లెక్కలను హోంశాఖలోని న్యాయశాస్త్రపండితులు తేల్చిరి. 1938 ఆగస్టులో పుట్టిన యుత్తరువు ననుసరించి యూదులగు పురుషులు ఇశ్రాయేలనియు, స్త్రీలు సారాయనియు పేరునకు చేర్చుకొనవలసివచ్చెను. 1939 మే నెలలోని జనాభాలెక్కలో తాతముత్తాతల వివరమునకు వేఱుకాగితము పెట్టబడెను. 1941 నవంబరులోని యుత్తరువుచే దేశముదాటిన యూదుని పౌరసత్వము పోవును, ఆస్తి ప్రభుత్వమునకు చెందును. దేశము దాటించినది ప్రభుత్వమే. పన్నులశాఖ గుమాస్తాలు వాని కుర్చీలు, మంచములు, వంటపాత్రలు జాబితా వ్రాసి వేలము వేసిరి.

1942 జనవరి 20వ తేదీన బెర్లినునగర సమీపమున వాన్‌సే సరస్తీరమందలి యొక భవనమున పదునైదుగురు సభచేసిరి. అధ్యక్షుడు హైడ్రికు. సభికులలో హోంశాఖ, న్యాయశాఖ, విదేశాంగశాఖ మున్నగువాని ఉన్నతోద్యోగులుండిరి. పదునైదుగురిలో ఎనమండుగురు డాక్టరుపట్టము పొందిన విద్వాంసులు. ఐరోపాలోని యూదులందఱి లెక్క, దేశముల వారీగ, అచ్చట బల్లమీద నుండెను; మొత్తము ఒకకోటి పదిలక్షలు. వారినేమి చేయవలెనో ఆ సభలో క్రొత్తగ నిర్ణయించుట కాదు. చంపుట యంతకుముందే మొదలైనది. ఏ శాఖ యేపని చేయవలెను, సగము యూదుల సంగతియేమి యనునవియే అచ్చటి ప్రశ్నలు. సుమారు గంటన్నరలో సభ ముగిసెను. ఐకుమన్ను వ్రాసిన నివేదికలో చంపుట యను పదము లేదు. తరలింపు అను పదమున్నది.

తరలించినది రైలుశాఖ. మనుష్యులను మరణశిబిరములకు మోసినందులకు ఆ శాఖ పోలీసుశాఖనుండి చార్జీ వసూలు చేసెను. మూడవతరగతి లెక్కన కిలోమీటరుకింతయని ధర. పదియేండ్లలోపు పిల్లలకు సగము చార్జీ. నాలుగేండ్లలోపు శిశువులకు ఉచితము. నాలుగువందలమందికి మించినచో గుంపుతగ్గింపు. ఈ బిల్లులు వ్రాసిన గుమాస్తా ఎవరిమీదను చేయి యెత్తియుండడు. సాయంకాలము ఇంటికిపోయి తన పిల్లలతో భోజనము చేసియుండును. ఈ విధముగ అఱువదిలక్షలమంది యూదులు నశించిరి.

ఆకలిని ఆయుధముగ వాడుటయు ఆ కచ్చేరీలలో నేర్పాటైన పనియే. 1941 మే 2వ తేదీన పలుశాఖల కార్యదర్శులు కూడి రష్యామీది దండయాత్రను గూర్చి ఆలోచించిరి. సైన్యమునకు గ్రాసము రష్యానుండియే తీయవలెననియు, తీసినచో అచ్చట కోట్లకొలది జనులు ఆకలిచే చచ్చుట నిశ్చయమనియు సభావృత్తాంతమున వ్రాసికొనిరి. దీనికి సూత్రధారి ఆహారశాఖ కార్యదర్శి హెర్బర్టు బాకె. తరువాత నాయన మంత్రియయ్యెను. చేజిక్కిన రష్యను సైనికులలో ముప్పదిలక్షలకు మించినవారు ఆకలిచేతను, చలిచేతను, తుపాకిచేతను చచ్చిరి.

మైకు డేవిసు అను చరిత్రకారుడు 2001లో ప్రకటించిన గ్రంథమున టెంపులు దొర యిచ్చిన గ్రాసమును, 1944లో బుకెన్వాల్డు శిబిరమున బందీల కిచ్చిన గ్రాసమును ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. మదరాసులోనిది 1627 కెలొరీలు, బుకెన్వాల్డులోనిది 1750. ఈ పోలిక చదివినవాని గుండె జల్లుమనును. కాని మేము పాఠకులను హెచ్చరింపవలసియున్నది. ఈ రెండును ఒకటే యనుట సత్యము కాదు. జర్మనీలో చావే లక్ష్యము; పసిబిడ్డతోగూడ ఒక జాతి మిగులరాదని సంకల్పము. దానికై రఫేలు లెమ్కిను అను న్యాయవాది 1944లో జాతిసంహారమను క్రొత్తమాటను కల్పింపవలసివచ్చెను. 1948లో ఐక్యరాజ్యసమితి ఆ మాటను శాసనముగ చేసెను. మదరాసులో లక్ష్యము పొదుపు. చావు దాని ఫలము. గంజితొట్టి పెట్టినవానిని విషవాయువు పెట్టినవానితో సమానుని చేయరాదు. అట్లు చేసినచో ఉభయత్ర చచ్చినవారి పట్లను అపచారము చేసినవారమగుదుము.

అయినను ఉద్యోగివైపునుండి చూచినప్పుడు ఒక సామ్యము మిగులుచున్నది. బాకెవలె సంకల్పించినవారిని విడిచి, బిల్లులు వ్రాసిన గుమాస్తాలను చూడుడు. ఇచ్చటగాని, అచ్చటగాని, కాగితమును ముందుకు నడుపుటకు ద్వేషము అక్కఱలేకపోయెను. పై యధికారి మెప్పును కోరుట, నిబంధన సరిగనున్నచో పని సరిగనున్నట్లేయని నమ్ముట, పేరును చూచి మనిషిని చూడకపోవుట, ఈ మూడు చాలినవి. సాధారణమగు కచ్చేరీలలో ఇవి దోషములుగ నెంచబడవు; యోగ్యతలుగ నెంచబడును. అందుచేతనే మనము భయపడవలెను.

ఉత్తరువును కాదన్నచో తలపోవును గదా, ఉద్యోగి యేమి చేయగలడు అని యడుగువారు కలరు. యుద్ధానంతరము న్యూరెంబర్గులోను, తరువాతి న్యాయస్థానములలోను ప్రతివాదులు చెప్పిన సమాధానమిదియే. పైవారి యాజ్ఞ నేరమును మాపదని 1945నాటి న్యాయస్థానశాసనము ముందే తేల్చెను. నిరాయుధులను చంపనన్నందులకు మరణశిక్ష పొందినవాని నొక్కనినైన చూపుడని యడుగగా ప్రతివాదులు చూపలేకపోయిరి. కాదన్నవాడేమయ్యెనో తెలియుటకు లోథారు క్రయ్‌సిగు కథ చాలును. ఈయన బ్రాండెన్‌బర్గు పట్టణమున న్యాయాధికారి. మతిచెడినవారి సంరక్షణ ఆయన బాధ్యత. 1940లో తన సంరక్షణలోని రోగుల మరణవార్తలు ఒకదానివెంట నొకటి రాజొచ్చెను. ఆయన కాగితములను కట్టిపెట్టక, వీరెట్లు చచ్చుచున్నారని విచారించెను. రోగులను ప్రభుత్వమే చంపించుచున్నదని గ్రహించి న్యాయశాఖమంత్రికి వ్రాసెను. ఆ పనికి పెద్దయగు బూలరుపై హత్యానేరము మోపెను. తన యనుమతి లేక యెవరిని తరలింపరాదని వైద్యశాలల కుత్తరువు పంపెను. మంత్రి ఆయనను పిలిపించి హిట్లరు చేవ్రాలుగల కాగితమును చూపెను. ఆ కాగితము అధర్మమును ధర్మముగ చేయజాలదని క్రయ్‌సిగు బదులుచెప్పెను. దీనికి దక్కిన శిక్ష యేమి? 1942లో ఉద్యోగవిరమణము. ఆయన తన పొలము చూచుకొనుచు బ్రతికి, 1986లో వృద్ధుడై మరణించెను.

ఆయన యొక్కడు. ఆ హత్యలను ఆయన యాపలేకపోయెను. 1941 ఆగస్టు వఱకు సుమారు డెబ్బదివేల రోగులు ఆ యేర్పాటుక్రింద చంపబడిరి. కాని సాధ్యము కాదన్న సాకును ఆయన చెఱిపివేసెను. కార్నిషు దొర మన సీమ విషయమున చేసినదియు నిదియే. ఆయన పదవి పోలేదు. వాదము కొంత నెగ్గెను. ఆ కొంతలో నెన్ని ప్రాణములు నిలిచెనో.

మిగిలినవారి గతియు చెప్పవలెను. బాకె చెఱలో నుండగనే 1947లో ఆత్మహత్య చేసికొనెను. వాన్‌సే సభలో హోంశాఖ పక్షమున కూర్చున్న స్టుకార్టు 1949లో దోషిగ తేలియు, అంతవఱకు గడపిన చెఱయే చాలునని విడువబడెను. న్యూరెంబర్గు శాసనములకు వ్యాఖ్యానము వ్రాసిన గ్లోబ్కె 1953నుండి 1963 వఱకు పశ్చిమజర్మనీ ప్రధానికి ముఖ్యసచివుడై వెలసెను. ఐకుమన్ను మాత్రము పట్టువడి, జెరూసలేములో విచారింపబడి, 1962లో ఉరితీయబడెను. చార్జీలు లెక్కవేసినవారును, మంచములు వేలము వేసినవారును పింఛనులు పుచ్చుకొనిరి.

ఈ కథ మన కెందుల కందురా? ధాత కరువు జరిగి నూటయేబది యేండ్లు కావచ్చినది. తెల్లదొరలు పోయిరి. కరణీకములు 1984లో రద్దయినవి. అనంతపురమునుండి 2022లో శ్రీసత్యసాయి జిల్లా విడివడినది. కాని ఈ పీఠభూమిమీద మేఘముల నడవడి మాఱలేదు. దేశమున మిక్కిలి తక్కువ వాన కురియు సీమలలో నిది యొకటి. కరువు మండలములను ప్రకటించు కాగితము, పంటనష్టపు పట్టిక, బియ్యపుకార్డుల జాబితా, ఉపాధిపని హాజరుపుస్తకము నేటికిని ఉన్నవి. వానిని వ్రాయువారు పరదేశీయులు కారు. మన కొడుకులు, కోడండ్రు, అల్లుండ్రు. మన పట్టణములలో కలెక్టరు కచ్చేరీనుండి గ్రామ సచివాలయము వఱకు నాసీనులైనవారు మనవారే. ఉద్యోగము దొరికెనని మనము పండుగ చేసికొందుము. ఆ కుర్చీలో కూర్చుండి యెట్లు ‘కాదు’ అనవలెనో వానికి చెప్పుచున్నామా?

జాబితానుండి ఒక పేరు తొలగింపుమని పైనుండి కాగితము వచ్చినప్పుడు, ఆ పేరుగల ముసలమ్మ యెచ్చట నున్నది, ఏమి తినుచున్నది యని పోయి చూచివచ్చుట ఉద్యోగి మొదటి ధర్మము. చూచినది చూచినట్లు వ్రాయుట రెండవది. వ్రాసినదానిని పైవారు కాదన్నను మాఱ్చకుండుట మూడవది. దీనికి వీరుడు కానక్కఱలేదు. కార్నిషు లెక్కలు వేసెను, క్రయ్‌సిగు ఉత్తరము వ్రాసెను, అంతే. అట్టి యుద్యోగి బదిలీయైనపుడు వాని పక్షమున నిలుచుట పౌరుల ధర్మము. ఊరిలో పలుకుబడిగలవారు తమ పేరు జాబితాలో నిలుచుటకు కచ్చేరీ మెట్లెక్కుదురు; తొలగిన బీదవాని పేరుకొఱకు ఎక్కుట మనలో నెందఱికి అలవాటో యెవరికి వారే యోచింపవలెను.

వాన మరల తప్పును. ఈ సీమలో ఆ సంగతి యెవరికిని చెప్పనక్కఱలేదు. అప్పుడు పట్టికలు వ్రాయు చేతులు మనవే యగును. ధాత కరువునాటి పౌనుగింజల కూలికి దొరలను నిందించితిమి, అది న్యాయమే. రాబోవు కరువున నిందింపవలసినవారు మనవారు కాకుండునట్లు ఇప్పుడే చూచుకొనుట మన వంతు.